పది బోల్టులు

జీపు గుట్ట ఎక్కడం లేదంటే తప్పంతా ఇంజనుదే అనుకుంటారు జనం. నలభై ఏళ్ళు ఆ మాట విని విని నాకు విసుగు. ఇంజను దాని పని అది చేస్తూనే ఉంటుంది. వెనక రెండు చక్రాల మధ్య, ఇరుసు నడిమిట్లో, పెద్ద గుమ్మడికాయంత ఇనప డొక్క ఒకటి వేలాడుతుంటుంది. బలం అక్కడికి వచ్చి రెండు చక్రాలకూ పంపకమవుతుంది. దాని పేరు డిఫరెన్షియల్. నా బతుకంతా ఆ డొక్క కింద వెల్లకిలా పడుకునే గడిచింది.

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ తేడాను డొక్కలో ఉండే నాలుగు చిన్న పళ్ళ చక్రాలు సర్దుతాయి. తారు రోడ్డు మీద ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. వాగు ఇసకలో దిగితే మాత్రం అదే కొంప ముంచుతుంది. ఒక చక్రం జారిందంటే బలమంతా దానికే పోయి అది గిర్రున తిరుగుతుంటుంది, గట్టి నేల మీదున్న రెండోది ఊరికే నిలబడి ఉంటుంది. నాలుగు చక్రాలకూ బలం వచ్చే జీపైనా సరే, ముందొకటి వెనకొకటి జారితే అక్కడే కూర్చుంటుంది. డ్రైవరు కోపంతో ఇంకా తొక్కుతాడు. లోపల పళ్ళు రాలుతాయి.

నేను పుట్టింది సిరిసిల్లలో, సాలోళ్ళ ఇంట్లో. నాన్న చేతిమగ్గం నేసేవాడు. నాకు మగ్గం గుంటలో కూర్చోవడం చేతకాలేదు, అంత ఓపిక లేదు. మరమగ్గాలు వచ్చాక, వాటిని మా దగ్గర సాంచలు అంటారు, వాటి రిపేరు షెడ్డులో చేరాను. అరిగిన పళ్ళ చక్రాన్ని కొలిచి, కొత్తది కోసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం అక్కడే నేర్చుకున్నాను. ఎంత ఎరుపు వస్తే తీయాలో, ఏ రంగు దాటితే ఇనుము గాజులా పగులుతుందో కంటికి అలవాటైంది. తర్వాత జగిత్యాల వచ్చి బస్టాండు దాటినాక రేకుల షెడ్డు వేసుకున్నాను. చుట్టుపక్కల డిఫరెన్షియల్ విప్పి మళ్ళీ సరిగ్గా బిగించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అదే నాకున్న రోగం.

మా అక్కను కోరుట్లలో ఇచ్చారు. బావకు ఒక పాత జీపు ఉండేది, మిలిటరీవాళ్ళు వేలం వేస్తే కొన్నది. ఎండాకాలం తునికాకు పనుల్లో, లారీ పోలేని చోటి నుంచి ఆకు సంచులు రోడ్డుకు చేర్చేవాడు. జీపు మోయగలిగినదానికి మించిన బరువు ఎత్తేవాడు. ఒక్క సీజనులోనే మూడుసార్లు లోపలి పళ్ళు రాల్చుకొచ్చాడు. మూడోసారి నా షెడ్డు ముందు జీపు దిగి, విరగనిది ఒకటి చేసియ్యరాదు బామ్మర్దీ అన్నాడు. వెటకారంగానే అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది.

పాత లారీ ఇరుసు ముక్క ఒకటి తీసుకుని సిరిసిల్లకు పోయాను. మా పాత షెడ్డులో మూడు రోజులు కూర్చుని దాన్ని చెక్కాను. నాలుగు చిన్న చక్రాలు ఉండాల్సిన చోట ఒకటే ఇనప ముద్ద. రెండు చక్రాల షాఫ్టుల కొనలూ దానిలోనే దిగుతాయి. ఇక తేడా సర్దడం అంటూ ఉండదు, తిరిగితే రెండూ కలిసే తిరగాలి. సాంచ చక్రాలను ముంచే నూనెలోనే దాన్నీ ముంచాను. ఇంజను బలం అందుకునే పెద్ద పళ్ళ చక్రానికి, క్రౌన్ అంటారు, లావు బోల్టులు వేశాను. జీపులో ఎక్కించి వాగులోకి తోలమన్నాను. రెట్టింపు సంచులేసుకుని ఇసకలోంచి బయటికొచ్చాడు బావ. ఒడ్డున ఆపి, దిగి, జీపు చుట్టూ తిరిగి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఆ రోజంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

కొన్ని నెలల తర్వాత గుట్టల్లో ఎడమ షాఫ్టు పుటుక్కుమని విరిగింది. మామూలు జీపైతే ఒక షాఫ్టు లేకపోతే వెనక చక్రాల బలం మొత్తం పోయినట్టే. కానీ నా ముద్ద ఉన్నందుకు కుడి చక్రం ఒక్కటే లాక్కుంటూ కోరుట్ల దాకా వచ్చేసింది. బావ ఆ సంగతి నాకు చెప్పి పడీ పడీ నవ్వాడు. ఆ మిలిటరీ జీపులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. చక్రం తీయకుండానే, ఆరు బోల్టులు విప్పితే షాఫ్టు బయటికొచ్చేస్తుంది. చక్రం దాని చోట అది ఉంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ముద్దకు ఒక దోషం ఉంది. మలుపులో రెండు చక్రాలూ ఒకే లెక్కన తిరుగుతాయి కాబట్టి లోపలి చక్రం నేలను గీరుకుంటూ పోతుంది. మట్టిలో అడ్డంగా పొరలు పొరలుగా గీతలు పడతాయి. కోరుట్లలో వాళ్ళ సందు మూల మీద ఆ గీతలు చూసి, బావ అన్నానికి వచ్చిపోయాడో లేదో అక్క చెప్పేది. నేనూ నా షెడ్డు మలుపులో చూసుకునేవాణ్ణి. నా పని నేలమీద సంతకం పెట్టినట్టు ఉండేది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

అవి అన్నల కాలం. అడవి దిక్కు జీపు తోలే ఎవణ్ణయినా అన్నలు ఏదో ఒక రోజు ఆపేవారు, పోలీసులు ఇంకో రోజు ఆపేవారు. ఇద్దరికీ సరే అనడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం దళంవాళ్ళు బావను ఆపి, జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉన్న ఒక ఆడపిల్లను ఎక్కించారు. రోడ్డు దగ్గర ఎవరో వచ్చి ఆమెను దింపుకున్నారు. ఆమెకు ఇరవై కూడా ఉండవని, దారంతా వాళ్ళమ్మను పిలిచిందని బావ చెప్పాడు. అంతే చెప్పాడు. ముందు రోజు వాన పడింది. ఎర్రమట్టి మెత్తగా ఉంది.

వారం పోయాక ఒక ఎస్సై నా షెడ్డుకు వచ్చాడు. మర్యాదస్తుడే. నిలబడే చాయ్ తాగాడు. కట్టెపుల్లతో నా షెడ్డు దుమ్ములో ఒక మలుపు గీసి, దాని లోపలి వైపు అడ్డగీతలు గీశాడు. టైరు సరిగ్గా లేకుంటే ఇట్లా పడతాయా అని అడిగాడు. పనితనం తెలియనివాడు అలా అడిగితే నాకు ఊరుకోబుద్ధి కాదు. టైరుకేం సంబంధం సార్ అన్నాను. డిఫరెన్షియల్ లాకైతేనే అలా గీరుతుందని, ఎందుకు గీరుతుందో, ఎలా గీరుతుందో రెండు చేతులూ తిప్పి మరీ చూపించాను. బయటినుంచి కనిపెట్టవచ్చా అని అడిగాడు. ఎందుకు కనిపెట్టలేం, వెనక రెండు చక్రాలూ పైకి లేపి ఒకదాన్ని చేత్తో తిప్పితే మామూలు బండిలో రెండోది వెనక్కి తిరుగుతుంది, లాకైన దానిలో రెండూ ఒకే వైపు తిరుగుతాయి అని చెప్పాను. వాడు తల ఊపుతూ వింటున్నాడు. అప్పుడు అడిగాడు, అలాంటి లాకు ఈ పక్కన ఎవరు చేస్తారని.

నా నోరు అప్పుడు మూతపడింది. ఏం లాభం. వేరే జిల్లా కంకర కంట్రాక్టరు ఒకడికి రెండు చేశాను సార్, వాళ్ళు బండ్లు తీసుకుని పోయారని అబద్ధం చెప్పాను. ఎస్సై నమ్మాడో లేదో ముఖంలో తెలియలేదు. ఎల్లుండి పొద్దున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు జీపులన్నీ బడి మైదానానికి పిలిపిస్తున్నాం, నువ్వు వచ్చి చక్రాలు తిప్పి చెప్పాలి అన్నాడు. గీతలు పెట్టిన జీపువాణ్ణి దొరకబట్టాక ఏం చేస్తారని నేను అడగలేదు. ఆ రోజుల్లో అది అడిగే మాట కాదు. అలా తీసుకుపోయినవాళ్ళు ఎక్కడ తేలేవారో అందరికీ తెలుసు.

మర్నాడు బావ వచ్చాడు. నన్ను గూడ జీపు తెమ్మన్నరు బామ్మర్దీ అన్నాడు. రాకపోతే పారిపోయాడంటారు, అక్కనూ వాళ్ళ బిడ్డనూ పట్టుకుపోతారు. ముద్ద తీసేసి మామూలు పళ్ళు వేద్దామంటే సామాను లేదు, తెప్పించాలంటే నాలుగు రోజులు. నేను కాసేపు డొక్క వైపే చూశాను. ముద్దను చేసిన బుర్రకు ముద్దను దాచడం కూడా తట్టింది.

"ఎడమ షాఫ్టు గుంజేద్దాం బావా. రేపు ఒక్క చక్రంతోనే రా."

షాఫ్టు తీసేస్తే ఎడమ చక్రానికి లోపలి ముద్దతో సంబంధం ఉండదు. చేత్తో తిప్పితే అదొక్కటే వదులుగా తిరుగుతుంది, కుడిది కదలదు. చూసేవాడికి లాకు లేనట్టే. జీపు మాత్రం కుడి చక్రంతో నడుస్తుంది. ఆరు బోల్టులు విప్పాం, షాఫ్టు లాగాం, ఖాళీ కన్నానికి రేకు మూత పెట్టి గ్రీజు పూసి బోల్టులు బిగించాం. పాత మురికి కూడా రుద్దాను. బావ చేతిలోంచి బోల్టులు జారి పడుతున్నాయి. నా చేతిలోంచి ఒక్కటీ జారలేదు. నాకు పనిలో ఎప్పుడూ జారవు.

మైదానంలో జీపులు నలభై దాకా ఉన్నాయి. డ్రైవర్లంతా ఒక పక్కన కూర్చున్నారు. ఎస్సై నన్ను పిలిచి పొద్దున్నే ఒక మాట చెప్పాడు. నీ చెయ్యి చాలు, నీ మాట నమ్ముతాను, ఒక్కదాని మీద అనుమానం వచ్చి విప్పాల్సి వస్తే మాత్రం ఇక అన్నీ విప్పిస్తాను అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు జాకీలు పెట్టేవాళ్ళు. నేను ఎడమ చక్రం తిప్పేవాణ్ణి. కుడి చక్రం దగ్గర ఇంకొక కానిస్టేబులు కూర్చుని అది ఎటు తిరుగుతోందో చెప్పేవాడు. ఎటు, వెనక్కి. ఎటు, వెనక్కి. అలా సాగింది.

బావ జీపు పదమూడోది. తిప్పాను. కుడిది కదల్లేదు అన్నాడు కానిస్టేబులు. పాతది సార్, లోపలంతా అరిగి వదులైంది, లాకు లేదు అన్నాను. ఎస్సై ఏదో రాసుకుని ముందుకు నడిచాడు. నాకు సంతోషం కలగాలి. ఏమీ కలగలేదు. పద్నాలుగో జీపు దగ్గరికి పోయాను.

ఇరవై దాటాక ఒక జీపు వచ్చింది. మేడిపల్లి దిక్కు మనిషిది. పెళ్ళిళ్ళకూ ఆస్పత్రులకూ కిరాయి తోలుకునేవాడు. నేను ముందెప్పుడూ చూడలేదు. చక్రం తిప్పగానే కుడి వైపు నుంచి కానిస్టేబులు, ఇటే తిరుగుతుంది సార్ అన్నాడు. ఇంకోసారి తిప్పమన్నారు. తిప్పాను. రెండూ కలిసే తిరిగాయి. తిరుగుతున్నప్పుడు లోపల కటక్‌మని చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఆ మైదానంలో నాకొక్కడికే అర్థమవుతుంది. పన్ను విరిగి, ఆ ముక్క మిగతా పళ్ళ మధ్య ఇరుక్కుని పట్టేసింది. లాకు కాదు, రోగం. నా దగ్గరికి నెలకు రెండు మూడు అలాంటివి వస్తాయి.

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పదిహేను దినాలసంది మలుపుల కాడ పట్టేస్తున్నదన్నా. నీ దగ్గరికే తెద్దామనుకున్న."

ఎస్సై నా వైపు చూశాడు. రెండు చక్రాలూ కలిసి తిరుగుతున్నాయా అని అడిగాడు. తిరుగుతున్నాయి సార్ అన్నాను. అది నిజమే. కానిస్టేబుళ్ళు ఆ మనిషి రెండు రెక్కలూ పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు, అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు.

"ఇప్పి చూడుండ్రి సార్. పది బోల్టులు. ఇప్పితే తెలుస్తది."

నిజంగానే పది బోల్టులు. డొక్క వెనక మూతకు ఉండేవి పది. విప్పితే నూనె కారుతుంది, లోపల విరిగిన పన్ను ముక్క కంటికి కనిపిస్తుంది. ఎస్సై నన్నే అడిగాడు, విప్పాలా అని. బావ అటు వైపు డ్రైవర్ల మధ్య కూర్చుని ఉన్నాడు. బావ వైపు నేను చూడలేదు. చూడకపోయినా బావ ఎక్కడ కూర్చున్నాడో నా వీపుకు తెలుసు.

"అవసరం లేదు సార్" అన్నాను.

ఇంతకాలంలో ఆ మాటను ఎన్నో రకాలుగా సర్దుకుందామని చూశాను. భయంతో అన్నానని, అక్క కోసం అన్నానని. అవి నిజాలే. కానీ ఆ మాట అన్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. ఈ బండికి ఆయిలు మార్చాలా అంటే అవసరం లేదని చెప్పే గొంతే. అతను నా వైపు చూశాడు. తిట్టలేదు. మెకానిక్కు చెప్పాడు కదా అని నమ్మినట్టుగా చూశాడు, తన బండి గురించి తనకే తెలియని సంగతి ఏదో నాకు తెలిసినట్టు.

పన్నెండు గంటలకు మిగతా అందరినీ పొమ్మన్నారు. బావ జీపు ఒక్క చక్రంతో లాక్కుంటూ గేటు దాటింది. నేను షెడ్డుకు నడిచిపోయాను. ఆ రోజు ఒక గేర్‌బాక్సు ఎక్కించాల్సి ఉంది, ఎక్కించాను. అన్నం తిన్నాను. తోటకూర పప్పు. రుచి కూడా తెలిసింది. అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

తొమ్మిది రోజుల తర్వాత పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వేశారు. గుట్టల్లో కాల్పులు జరిగాయని, ఒకడు చనిపోయాడని, పేరు తెలియదని. నాకు తెలుసు ఆ పేరు. మైదానంలో ఎస్సై అడిగితే తండ్రి పేరుతో సహా చెప్పుకున్నాడు. ఆ పేపరు మీద తర్వాత బేరింగులు కడిగి ఆరబెట్టాను. కావాలని కాదు, చేతికి అదే దొరికింది.

సామాను వచ్చాక బావ జీపులో ముద్ద తీసేసి మామూలు పళ్ళు వేశాను. మేమిద్దరం ఆ పని చేసినంతసేపు ఒకరికొకరం పానాలు అందించుకున్నాం, అంతే. ఆర్నెల్లలో బావ జీపు అమ్మేసి దుబాయి పోయాడు, కోరుట్లలో ఇంటికొకడు పోయినట్టే. అక్కడి బండ్లకు ఒక మీట నొక్కితే డిఫరెన్షియల్ లాకవుతుందట, వదిలితే వదులవుతుందట. మొదటిసారి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాడు. నేను ఊఁ అన్నాను. అక్క మాత్రం నేను ఎప్పుడు పోయినా నా రెండు చేతులూ పట్టుకుని, నా ఇల్లు నిలవెట్టినవ్ తమ్మీ అంటుంది. పొద్దున చేసిన గారెలు నా కోసం దాచి ఉంచుతుంది. తింటాను. ఏమనాలి ఆమెను? మైదానంలో ఇంకొకడు ఉన్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ ఆ మాటే అంటుంది. ఆమె తప్పు లేదు. ఆమె మొగుడు బతికాడు.

ఆ వానాకాలం అయిపోయాక, ఒక పగటి పూట ఒక ట్రాక్టరు నా షెడ్డు ముందు ఆగింది. వెనక తాడు కట్టి జీపును లాక్కొచ్చారు. చూడగానే గుర్తుపట్టాను, ఆ మేడిపల్లి మనిషిది. నెలల తరబడి స్టేషను వెనక ఎండకూ వానకూ నిలబడి రంగు పోయింది. ట్రాక్టరు తోలింది అతని అన్న. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని వచ్చింది అతని భార్య. ముప్పై ఉంటాయేమో. పోలీసులు ఇప్పుడు వదిలిపెట్టారని, నడిచేలా చేసిస్తే అమ్ముకుంటామని చెప్పాడు అన్న. ఇంకెక్కడికి పోయినా డిఫరెన్షియల్ అంటే జగిత్యాలకే పొమ్మన్నారట. నట్టు సామానేదో కొనాలని అతను బజారుకు పోయాడు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఆ రోజు చక్రాలు తిప్పింది నువ్వేనటగదన్నా అంది. నేనే చెల్లే అన్నాను. ఇప్పుడు చేయలేను, రేపు రమ్మని చెప్పి ఉండవచ్చు. అలా చెప్పడం కూడా అప్పుడు నాకు తోచలేదు. జాకీలతో వెనక చక్రాలు లేపి, పాత తట్ట తెచ్చి డొక్క కింద పెట్టాను. పానా తీసుకుని వెల్లకిలా పడుకున్నాను. బోల్టులు తుప్పు పట్టలేదు, నూనె జిడ్డుకు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటి తిప్పి పక్కన పెట్టాను. మూత వచ్చింది. నల్లటి నూనె తట్టలో పడింది. ఆ నూనెతో పాటే విరిగిన పన్ను ముక్క ఒకటి టక్కున రాలింది, ఇంకొకటి లోపల పళ్ళ సందులో ఇరుక్కునే ఉంది. దాన్ని స్క్రూ డ్రైవరుతో గీకి తీశాను. చక్రం తిప్పి చూశాను. రెండోది వెనక్కి తిరిగింది.

రెండు ముక్కలూ గుడ్డతో తుడిచి ఆమె చేతిలో పెట్టాను. వేలి గోరంత ఉన్నాయి ఒక్కొక్కటి. ఇవేనా అని అడిగింది. ఇవే అన్నాను. ఆమె వాటిని చూసింది. తర్వాత నేను వరసగా పేర్చిన బోల్టుల వైపు చూసింది, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఆమె తాగుతుందని తెప్పించిన చాయ్ స్టూలు పక్కన అలాగే ఉంది. ఇంకా పొగలు వస్తూనే ఉన్నాయి.

"గింతసేపేనా అన్నా?" అంది.

గింతసేపే అన్నాను.